ఆ పతకం వాళ్లింటికి చేరింది

పోయిన నెల ఫొటో పెట్టి "ఇదేంటో ఎవరికైనా తెలుసా?" అని అడిగాను, గుర్తుందా? ఆ ఊదా రంగు గుండె పతకం మొన్న శుక్రవారం అసలు వాళ్ల చేతికి అందింది.

ఇక్కడ అమెరికాలోని ఒహాయోలో ఓ ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంట్లోని పాత సామాన్లన్నీ అమ్మేసే చోట) ఆరు డాలర్లకి పాత కుట్టుపని డబ్బా కొన్నాను. దారపు ఉండల కింద ఉంది అది. ఏదో లాకెట్ అనుకున్నా. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మా పాప రెండు రోజులు దాన్ని బొమ్మ మెడలో వేసి ఆడుకుంది.

అది పర్పుల్ హార్ట్ అని మొదట చెప్పింది అమెరికా ఆర్మీలో ఉన్న మన తెలుగు తమ్ముడే. శత్రువు దాడిలో గాయపడినవాళ్లకీ, ప్రాణాలు పోయినవాళ్ల తరఫున ఇంటివాళ్లకీ ఇస్తారట. 1782లో జార్జ్ వాషింగ్టన్ తన సైనికులకి గుడ్డతో చేసిన ఊదా గుండె ఇచ్చాడు, దాన్నే 1932లో పతకంగా మళ్లీ మొదలుపెట్టారు, మీద ఉన్న మొహం కూడా ఆయనదే అని ఓపిగ్గా చెప్పాడు. "అక్కా, వెనక్కి తిప్పి చూడు" అన్నాడు. చూస్తే ఒక పేరు చెక్కి ఉంది. అన్నాళ్లూ నేను తిప్పి చూడనేలేదు!

పేరు దొరికింది కదా, ఇక సులువే అనుకున్నా. కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆర్మీ రికార్డులు చాలావరకు 1973లో సెయింట్ లూయిస్‌లోని రికార్డుల భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మా లైబ్రరీలో పనిచేసే ఆవిడ మూడు శనివారాలు నాతో కూర్చుని 1944 నాటి పేపర్ల మైక్రోఫిల్ములు తిప్పింది. యుద్ధంలో పోయినవాళ్ల జాబితాలో ఆ పేరు, పక్కనే తల్లి పేరు కనబడగానే ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆవిడ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు, ప్రస్తుతానికి పులిహోర ఇచ్చాను.

అక్కణ్ణుంచి ఫోన్ల మీద ఫోన్లు చేసింది మా పక్కింటి పెద్దాయన. తనూ వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినవాడే. చివరికి ఆ సైనికుడి మేనల్లుడు దొరికాడు. ఎనభై దాటాయి. ఆయన పుట్టిన ఏడాదే మేనమామ పోయాడట.

మధ్యలో "మంచి రేటు ఇస్తా, అమ్మేయండి" అని మెసేజ్ పెట్టిన పెద్దమనిషికి మాత్రం థాంక్స్ లేవు. మిగతా అందరికీ, పోస్ట్ షేర్ చేసినవాళ్లకి కూడా, పేరుపేరునా కృతజ్ఞతలు.

ఆ డబ్బా వాళ్లమ్మగారిదేనట. అందులో పాత గుండీలేమైనా మిగిలాయా అని నిన్న ఫోన్‌లో అడిగాడాయన. ఉన్నాయి. సోమవారం పోస్ట్ చేస్తున్నా.