నడిసముద్రంలో సాక్ష్యం ఎవరి దగ్గరుంది? గ్రీస్ నౌకాయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గ్రీస్ నౌకాయాన, ద్వీప విధాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తీర రక్షక దళం మీ శాఖ కిందే పనిచేస్తుంది కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను. ఏజియన్ సముద్రంలో వలస వచ్చినవాళ్లను టర్కీ వైపు వెనక్కి నెట్టేస్తున్నారన్న ఆరోపణ ఏళ్ల తరబడి ఉంది. ఇలా వెనక్కి నెట్టడాన్నే పుష్‌బ్యాక్ అంటారు. పుష్‌బ్యాక్‌లే లేవన్నది మీ ప్రభుత్వ జవాబు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చే రికార్డుల గురించే నేను అడగదలచుకున్నది.

2025 జనవరి 7న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు మీ దేశానికి సంబంధించిన రెండు కేసుల్లో నిర్ణయాలు వెల్లడించింది. ఒకటి టర్కీ సరిహద్దులోని ఎవ్రోస్ నది దాటి వచ్చిన టర్కీ మహిళది. ఫొటోలు, వీడియోలు, లొకేషన్ మెసేజ్‌లు ఆమెకు అక్కరకొచ్చాయి. ఆమె గెలిచారు. ఆ ప్రాంతం నుంచి మనుషులను వెనక్కి పంపడం ఒక పద్ధతి ప్రకారం సాగిందనడానికి బలమైన సూచనలున్నాయని కూడా కోర్టు చెప్పింది. రెండోది సామోస్ దీవికి ఒంటరిగా వచ్చి, 2020లో తనను తెప్పలో వదిలేశారని చెప్పిన పదిహేనేళ్ల అఫ్గాన్ కుర్రాడిది. అతను ఆ దీవిలో ఉన్నాడనీ, అక్కణ్నుంచి అతన్ని పంపేశారనీ చూపే ప్రాథమిక ఆధారం లేదని అతని పిటిషన్ విచారణార్హం కాదని కోర్టు తోసిపుచ్చింది. అలాంటి పిల్లాడు ఆధారం ఎక్కణ్నుంచి తేవాలి? ముసుగులు వేసుకున్నవాళ్లు ముందు ఫోన్లే లాక్కున్నారన్న మాట బాధితుల వాంగ్మూలాల్లో పదే పదే వినిపిస్తుంది. ఫోన్ పోయాక మిగిలేది నోటి మాటే. పైగా 2022 ఫిబ్రవరి నుంచి ఆ కోర్టు గడప తొక్కడానికి గడువు ఆరు నెలల నుంచి నాలుగు నెలలకు తగ్గింది.

అందుకే ఆ ఆధారాలు పోగుచేసే పని బయటివాళ్లు నెత్తికెత్తుకున్నారు. పడవలోంచి వచ్చిన చిన్న వీడియో ముక్కలో దూరంగా కనిపించే కొండల వరసను మ్యాప్‌తో సరిపోలుస్తారు. అది తీసిన సమయం, ఆ రోజు గాలి, అలల దిశ, చివరికి టర్కీ కోస్ట్ గార్డ్ తీసిన ఫొటోలు, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇంజిన్ లేని, డేరాలాంటి కప్పున్న నారింజ రంగు లైఫ్ రాఫ్ట్ ఎక్కడ మొదలై ఎటు కొట్టుకుపోయిందో అలా లెక్కగడతారు. 2022 జులైలో లండన్‌లోని ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ పరిశోధన సంస్థ ఈ తీరులో 1,018 ఘటనలను మ్యాప్ మీద పెట్టింది. రెండేళ్ల కాలానికి, 27,464 మందికి సంబంధించిన లెక్క అది.

2023 ఏప్రిల్ 11న లెస్బోస్ దీవిలో తీసిన వీడియో మీరూ చూసే ఉంటారు. తెల్ల వ్యాన్‌లోంచి పన్నెండు మందిని దించి, స్పీడ్‌బోట్ ఎక్కించి, కోస్ట్ గార్డ్ నౌకలోకి మార్చి, చివరికి సముద్రంలో తెప్ప మీద వదిలేశారు. వాళ్లలో ఆరు నెలల పాప కూడా ఉంది. దూరంగా ఎవరో కెమెరా పట్టుకుని ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఇదీ ఆరోపణగానే మిగిలేది.

కెమెరా లేనప్పుడు ఏమవుతుందో ఫార్మకోనిసి దీవి కేసు చెబుతుంది. 2014 జనవరి 20న అక్కడ పడవ మునిగి 11 మంది చనిపోయారు. 2022 జులైలో స్ట్రాస్‌బర్గ్ కోర్టు తీర్పు బాధితుల వైపే వచ్చింది, మొత్తం 3,30,000 యూరోల పరిహారం ఇమ్మన్నారు. కానీ ఆ రాత్రి వాళ్లను వెనక్కి నెట్టే ప్రయత్నం జరిగిందో లేదో మాత్రం కోర్టు తేల్చలేకపోయింది. కారణం, మీ దేశంలో దర్యాప్తు సరిగా జరగకపోవడం. బతికినవాళ్ల వాంగ్మూలాల అనువాదంలోనే తేడాలున్నాయట. ఎనిమిదేళ్లు పోరాడినవాళ్లకు అసలు ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ఇక పైలోస్ తీరం. 2023 జూన్ 14న సుమారు 750 మందితో ఉన్న అడ్రియానా అనే చేపల పడవ మునిగింది. బతికింది 104 మంది. మీ దళం తాడు కట్టి లాగడం వల్లే బోల్తా పడిందని వాళ్లంటారు, కాదని మీ దళం అంటుంది. పక్కనే ఉన్న మీ నౌక కెమెరాల్లో రికార్డింగ్ ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. ఆ రాత్రి అందులో ఏమీ రికార్డు కాలేదు. అంత టెన్షన్‌లోనూ మొదట ఆన్ చేయాల్సింది అదే కదా!

మీ సిబ్బంది చాలామందిని కాపాడతారన్నది నిజం, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. రికార్డింగ్ ఉంటే అదీ కనిపిస్తుంది. పుష్‌బ్యాక్‌లు లేనే లేవంటున్నప్పుడు కెమెరాతో మీకొచ్చే నష్టమేమిటి?

కాబట్టి గస్తీకి బయల్దేరిన ప్రతి నౌకలోనూ కెమెరా ఆపకూడదని రాతపూర్వక ఆదేశం ఇవ్వండి. ఆ వీడియోతో పాటు రాడార్ జాడ, రేడియో సంభాషణల కాపీ మీ దళం చేతిలో కాక, ఫిర్యాదులను స్వతంత్రంగా పరిశీలించే అంబుడ్స్‌మన్ దగ్గర భద్రంగా ఉండాలి. బాధితుల లాయరు అడిగితే నాలుగు నెలల గడువు దాటకముందే అందాలి. ఎవరి ఫోన్ తీసుకున్నా రసీదు ఇచ్చి, తిరిగి అప్పగించాలి. ఈ ఆదేశం ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో బహిరంగంగా చెప్పండి.

ఇట్లు,
ఒక తెలుగు పాత్రికేయుడు