బాయిలర్ మూతికి పెట్టిన బిరడా తీయించండి, కలెక్టర్ గారూ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలండి. మా అమ్మాయి చదివే బాలికల గురుకులంలో వేడినీళ్ల బాయిలర్ సంగతి మీకు కొత్త కాదు. అర్జీల నంబర్లన్నీ మీ ఆఫీసులోనే ఉన్నాయి. పిల్లలకు ఇబ్బంది రాకూడదని గురుకులం పేరు ఇక్కడ రాయడం లేదు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన ప్రతిసారీ రసీదు ఇచ్చారు, ఆ తర్వాత ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ పెట్టారు. చాలా సంతోషం.

నేను మస్కట్‌లో పైపు ఫిట్టర్‌గా పనిచేసి వచ్చినవాణ్ని. మన ఉద్దానంలో ఏ ఊరికెళ్లినా నాలాంటివాళ్లు దొరుకుతారు, టెండర్ పిలిచేవాళ్లకే కనబడరు. బాయిలర్ మంచిదే సార్. పైపులే పాడు పని. చన్నీళ్లకు వాడే తెల్ల పీవీసీ పైపు వేడినీళ్ల లైన్‌కి వేస్తే, మెత్తబడి మధ్యలో వేలాడుతోంది. ఇన్సులేషన్ లేదు కాబట్టి చివరి బాత్‌రూంకి చేరేసరికి నీళ్లు చల్లారిపోతాయి. పోనివ్వండి, మహేంద్రగిరి చలి మా పిల్లలకు అలవాటే.

సేఫ్టీ వాల్వ్ సంగతి మాత్రం పోనివ్వలేను.

చన్నీళ్లు బాయిలర్‌లోకి వచ్చే చోట ఎన్ఆర్‌వీ, అంటే నీళ్లను ఒకవైపుకే వదిలే వాల్వ్, పెట్టారు. ఇక నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పోలేవు. ప్రెషర్ బయటికి పోవడానికి పైకి వెంట్ పైపు లేదు, కాగి పెరిగిన నీళ్లు పట్టే ఎక్స్‌పాన్షన్ ట్యాంకూ లేదు. 500 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 80కి కాగితే 13 లీటర్లకు పైగా పెరుగుతాయి. అవి ఎక్కడికి పోవాలి? సేఫ్టీ వాల్వ్‌లోంచి కారాయి. ప్రెషర్ పెరిగితే వదలడమే దాని పని. గదంతా తడుస్తోందని ఫిర్యాదు వెళ్తే ఒకాయన వచ్చి, వాల్వ్ మూతికి జీఐ ప్లగ్, అంటే ఇనుప బిరడా, పెట్టి, టెఫ్లాన్ టేపు చుట్టి మరీ బిగించి వెళ్లాడు. “కారడం ఆగిపోనాది కదా బాబూ” అంటాడు వాచ్‌మన్. ఆగింది. మీరు పరిష్కరించారన్న సమస్య ఇదేనేమో!

గోడ అవతల పిల్లలు పళ్లేలు కడుక్కుంటారు సార్. వాల్వ్ మూసేసిన బాయిలర్‌లో నీళ్లు మరిగితే ఏమవుతుందో చూడండి: లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. ఆ చోటు ఎక్కడుందో మీ ఇంజనీర్లు చూపిస్తారా?

ఇంజనీరింగ్ వాళ్లని అడిగితే కాంట్రాక్టర్ అంటారు, కాంట్రాక్టర్‌ని అడిగితే గ్యారంటీ అయిపోయింది అంటాడు. బాయిలర్ల తనిఖీ అధికారులేమో 100 డిగ్రీల లోపు నీళ్లు కాచేది చట్టం కిందకే రాదన్నారు. నిజమే, 2025లో వచ్చిన కొత్త బాయిలర్ల చట్టంలోనూ అలాగే ఉంది. మరి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మొండికేసిన రోజున, చట్టం మీద గౌరవంతో నీళ్లు 99 దగ్గర ఆగుతాయా?

అయ్యా, ముందు ఆ ప్లగ్ తీయించండి. వెంట్ పైపు, కొత్త లైన్లు, ఇన్సులేషన్ అన్నీ బిల్లు పాసయ్యాకే చేయండి. ప్లగ్ తీయడానికి టెండర్ అక్కర్లేదు కదా, అదొక్కటి తీయించండి. అప్పటిదాకా బాయిలర్ ఆపమని ప్రిన్సిపాల్ గారికి ఒక్క ఫోన్ చేయండి. నేనే విప్పేద్దునుగానీ, ప్రభుత్వ ఆస్తి ముట్టుకుంటే కేసు పెడతామన్నారు. మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఎప్పుడొస్తారో చెబితే పైపు రెంచి పట్టుకుని గేటు దగ్గర ఉంటాను. కూలి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా