విచక్షణి విలువ రెండు మార్కులేనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

పదో తరగతి విద్యార్థుల కోసం పత్రికలు ఇచ్చే మాదిరి ప్రశ్నల్లో ‘వర్గ సమీకరణ మూలాల స్వభావం తెలపండి’ అన్నది తరచూ కనిపిస్తుంది. ఏఎక్స్ స్క్వేర్ + బీఎక్స్ + సీ = 0 అన్న సమీకరణానికి బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ (దీన్నే విచక్షణి అంటాం) విలువ కట్టి, అది ధనమో, సున్నయో, ఋణమో చూసి ఒక వాక్యం రాస్తే రెండు మార్కులు పడతాయి కనుక, ఆ విలువ ఎందుకని పిల్లలు అడగరు, ఉపాధ్యాయులమైన మేమూ చాలాసార్లు చెప్పం. అడిగిన పని అసలు అయ్యేదో కాదో లెక్క చేయకముందే తేల్చడం విచక్షణి అసలు ప్రయోజనం.

కడియం పరిసరాల పిల్లలకు మొక్కల నర్సరీ కంచెతోనే దీన్ని చెప్పవచ్చు. 400 మీటర్ల కంచెతో దీర్ఘచతురస్రాకారపు నేలను చుట్టాలి. ఒక భుజం ఎక్స్ అయితే రెండోది 200 − ఎక్స్. వైశాల్యం 9,600 చదరపు మీటర్లు కావాలంటే ఎక్స్ స్క్వేర్ − 200ఎక్స్ + 9,600 = 0 కావాలి, దాని విచక్షణి 40,000 − 38,400 = 1,600; దాని వర్గమూలం 40 కనుక భుజాలు 120, 80 మీటర్లు. 10,000 అడిగితే విచక్షణి సున్నా, నూరేసి మీటర్ల చతురస్రం ఒక్కటే మార్గం. 12,000 అడిగితే −8,000 వస్తుంది. ఆ కంచెను ఎటు తిప్పి కట్టినా చాలదు. నర్సరీ ఒక పక్క కాలువను ఆనుకొని ఉండి, అటు కంచె అక్కరలేకపోతే (మేకలు కాలువ ఈదవని నమ్ముదాం) రెండో భుజం 400 − 2ఎక్స్ కనుక విచక్షణి 1,60,000లోంచి వైశాల్యానికి ఎనిమిది రెట్లు తీసివేసినంత అవుతుంది, అంటే 20,000 చదరపు మీటర్ల వరకు అవకాశం ఉంది. గరిష్ఠ విలువ కనుక్కోవడానికి ఇంటర్‌లో అవకలనం (డిఫరెన్షియేషన్) వచ్చేదాకా ఆగనక్కరలేదన్నమాట.

ఈ సూత్రం ఎలా వచ్చిందో కూడా చూపాలి. భాస్కరాచార్యుడు తనకు ముందటి గణితవేత్త శ్రీధరుడిదిగా ఉదహరించిన పద్ధతిలో సమీకరణాన్ని 4ఏతో గుణించి, స్థిరపదాన్ని కుడివైపుకు పంపి, రెండు వైపులా బీ స్క్వేర్ కలిపితే ఎడమవైపు ‘2ఏఎక్స్ + బీ’ వర్గం, కుడివైపు విచక్షణి మిగులుతాయి. వాస్తవ సంఖ్య వర్గం ఋణం కాలేదు కనుక ఋణ విచక్షణికి వాస్తవ మూలాలు ఉండవు. జవాబులో ‘వాస్తవ’ అన్న మాట వదిలేసి ‘మూలాలు లేవు’ అని రాయడం సరికాదు, ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యలు (వీటిలో వర్గం ఋణమయ్యేవీ ఉంటాయి) వచ్చినప్పుడు అది అడ్డుపడుతుంది.

మీ విద్యా పేజీలో ఈసారి మాదిరి ప్రశ్నలు ఇచ్చేటప్పుడు గుణకాలు మాత్రమే ఇచ్చి ఊరుకోకుండా, ‘ఇంత కంచెతో ఇంత నేలను చుట్టగలమా?’ వంటి ప్రశ్న ఒకటైనా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
రామచంద్రపురం