పరిగెత్తేవాళ్లకి రక్తం తగ్గుతోందా, పలచబడుతోందా?

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

పోయిన ఆదివారం మీ హెల్త్ పేజీలో, రోజూ ఎక్కువ దూరం పరిగెత్తేవాళ్లకి రక్తం తగ్గిపోతుంది కాబట్టి ఐరన్ మాత్రలు మొదలుపెట్టండి అని వేశారు. (పక్కనే రక్తం పట్టే టానిక్ యాడ్ ఉంది, అది వేరే సంగతి లెండి.) నేను గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ని. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు ఆ పేజీ ఫోటో ఫోన్లో చూపించి హిమోగ్లోబిన్ చూడన్నా అని వరసపెట్టి వస్తున్నారు, అందుకే రాస్తున్నా.

మామూలు మగమనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అందులో సగానికి పైనే ప్లాస్మా, అంటే రక్తకణాలు తీసేస్తే మిగిలే నీళ్లలాంటి ద్రవం. పరుగు మొదలైన కాసేపట్లోనే ఆ ప్లాస్మాలోంచి కొంత నీరు కండరాల్లోకి దిగిపోద్ది, తర్వాత చెమటగా ఇంకొంత పోద్ది, పైగా ఒంటి వేడి బయటికి పోవాలని చర్మం వైపు కూడా రక్తం మళ్లుద్ది, దాంతో గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి ఒక్కో దెబ్బకి అది పంపేదీ తగ్గుద్ది, ఆ లోటు పూడ్చుకోడానికి ఇంకా వేగంగా కొట్టుకుంటది. స్పీడు పెంచకపోయినా చివరి కిలోమీటర్లలో వాచీలో హార్ట్ రేట్ ఎక్కుతూ పోయేది అందుకే.

రోజూ ఇదే జరుగుతుంటే ఒళ్లు ఊరుకోదు కదా. కిడ్నీలు ఉప్పునీ నీళ్లనీ పట్టి ఉంచుతాయి, రక్తంలో నీటిని పట్టి ఉంచే అల్బుమిన్ అనే ప్రొటీన్ పెరుగుద్ది, గట్టిగా పరిగెత్తిన ఒకట్రెండు రోజులకే ప్లాస్మా ముందుకన్నా ఎక్కువవుద్ది, కొన్ని వారాలు మానకుండా చేస్తే 10 నుంచి 20 శాతం దాకా పెరగొచ్చు. ఎర్రకణాలు అంత తొందరగా పెరగవు, వాటికి వారాలు, నెలలు కావాలి. చిక్కంతా ఇక్కడే. రిపోర్టులో వేసేది ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ ఒంట్లో మొత్తం ఎంతుందని కాదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఎంతుందని. 14.5 గ్రాములు ఉన్న కుర్రాడి 5 లీటర్లలో మొత్తం 725 గ్రాములు ఉన్నట్టు, ప్లాస్మా 400 మిల్లీలీటర్లు పెరిగిందనుకోండి, అదే 725 గ్రాములు 5.4 లీటర్లలో సర్దుకుంటాయి, రిపోర్టులో 13.4 వస్తది. పప్పుచారులో గ్లాసు నీళ్లు పోస్తే పప్పు ఎక్కడికీ పోదుగా. నిజానికి ఆ పెరిగిన ప్లాస్మా వల్లే ఆ కుర్రాడు ఎండలో ముందుకన్నా బాగా పరిగెత్తగలుగుతాడు, ప్రాక్టీస్ మానేస్తే వారం పది రోజుల్లో చాలావరకు పోద్ది కూడా.

శాంపిల్ ఎప్పుడిచ్చారన్నది కూడా చూడాలి. కొంతమంది గ్రౌండ్ నుంచి చెమటలు కారుతూ నేరుగా వచ్చేసి చెయ్యి చాపుతారు, అప్పుడు నీరు తగ్గి ఉంటది కాబట్టి అంకె ఎక్కువ చూపిస్తది, అదే మనిషి రెండ్రోజులాగి వస్తే తక్కువ. రెండూ పక్కపక్కన పెట్టుకుని రక్తం పడిపోయిందన్నా అని కంగారు పడతారు.

అలాగని అసలైన రక్తహీనతని కొట్టిపారేయకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి, మగవాళ్లలో 25 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందులోనూ పరిగెత్తే అమ్మాయిలకి నెలసరిలో ఐరన్ పోద్ది, పాదాలు నేలకి కొట్టుకునేటప్పుడు కొన్ని ఎర్రకణాలు చితికిపోతాయి కూడా. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మాత్రలు మింగకుండా ఫెర్రిటిన్ కూడా చేయించుకోమనండి, అది ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్తది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం వద్దు, నిల్వ లేకపోయినా ఉన్నట్టు చూపించొచ్చు. ఐరన్ ఎక్కువైనా ఒంటికి చేటే, రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్లాలి గానీ మెడికల్ షాపుకి కాదు.

వచ్చే ఆదివారం ఈ విషయం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయించండి, ఎక్కడో మూలన రెండు లైన్ల సవరణగా వేస్తే మా కుర్రాళ్లెవరూ చదవరు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు