ఇసుక మేటలపై గుడ్లున్నాయి, జాగ్రత్త

సంపాదకులకు,

1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీకి ఎగువన, వేసవిలో నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడే వేళ, పక్షులను చూడగోరేవారికి విజయవాడ దగ్గర్లో అంతకు మించిన చోటు లేదని నా అభిప్రాయం. గత ఆదివారం ఉదయం నలుపు తెలుపు లకుముకి పిట్ట ఒకటి నీటికి పైన, ఉన్నచోటే రెక్కలాడిస్తూ నిలిచి, ఒక్క ఉదుటున మునిగి చేపతో పైకి లేచింది. ఎండ మాత్రం తొమ్మిదింటికే మమ్మల్ని నీడకు తరిమింది.

అన్నిటికన్నా ఆకట్టుకున్నవి నల్లని నెత్తి, పసుపు ముక్కు, చీలిన తోక గల రివర్ టెర్న్‌లు. ఇవి గూడు అల్లవు. వేసవి నెలల్లో వట్టి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. ఇసుక రంగులో మచ్చలతో ఉండే ఆ గుడ్లు కాలి కింద పడేదాకా కనబడవు. కాబట్టి ఆ నెలల్లో మేటలపైకి మనుషులు, కుక్కలు వెళ్లకుండా చూడాలని, ఘాట్ల వద్ద హెచ్చరిక బోర్డులు పెట్టించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ