ట్రెడ్‌మిల్ కొనకముందే ఇది చదువు

రేయ్ మామా,

బాగున్నావా? నువ్వు ట్రెడ్‌మిల్ కొంటున్నావని చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. డబ్బు కట్టకముందే నీకు అందాలని ఈ రాత్రే కూర్చుని రాస్తున్నా.

మా ఇంట్లో ఆ మెషీన్ రెండేళ్ళుంది. మొదటి నెల రోజూ నడిచినా. తర్వాత గోడను చూస్తూ నడవడం విసుగు పుట్టింది. దుమ్ముకు బెల్టు ఒరుసుకోవడం మొదలైంది. బెల్టు కింద అప్పుడప్పుడు సిలికాన్ ఆయిల్ వేయాలని అమ్మినవాళ్ళు చెప్పనేలేదు. అదైనా సర్దుకోవచ్చు. ఒకరోజు మానేస్తే ఎందుకు మానేసినావని అడిగే మనిషి లేడు చూడు, నాకు అక్కడే దెబ్బ తగిలింది.

ఇప్పుడు చెక్కభజన నేర్చుకుంటున్నా! చిన్నప్పుడు మన ఊరి రామాలయం ముందర రాత్రుళ్ళు నిద్ర ఆపుకొని చూసేవాళ్ళం కదా, అదే. ఇక్కడ కడపలో మా వీధి గుడి దగ్గర వారానికి నాలుగు రోజులు నేర్పుతున్నారు. గురువుగారికి అరవై దాటినాయి. చేతిలో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ వంగాలి, లేవాలి, ఎగిరి అడుగు మార్చాలి. మొదటి వారం తొడలు, పిక్కలు పట్టేసినాయి. ట్రెడ్‌మిల్ మీద నేరుగా నడిచినన్నాళ్ళూ ఆ కండరాలకు ఇంత పని తగల్లేదు. ఒక్క రోజు రాకపోతే గురువుగారి నుంచి ఫోన్ వస్తుంది.

మోస్తరు వ్యాయామం చేసేటప్పుడు మాట్లాడగలం గానీ పాడలేం అంటారు డాక్టర్లు. మరి మేము పాడుతూ ఆడాలి గదా! గురువుగారు చరణం పాడుతుంటే మేము ఊపిరి తీసుకుంటాం, తర్వాత అందుకుంటాం. మన పెద్దోళ్ళు ఎంత చక్కగా కుదిర్చినారో అనుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ కావాలంది. మాకు గంట చొప్పున 240 అవుతున్నాయి. కండబలానికి కనీసం రెండు రోజులు చేయమంది కాబట్టి పొద్దున దండీలు, బస్కీలు తీస్తున్నా.

మెషీన్లన్నీ దండగ అనను. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. కూర్చుని తొక్కే సైకిల్ అయితే ఒంటి బరువు సీటు మీద పడుతుంది, అది ఆమెకు బాగా పనికొస్తోంది. మన మే నెల ఎండల్లో బయటికి పోలేనివాళ్ళకూ అంతే.

నీకు షటిల్ అంటే ప్రాణం. మళ్ళీ రాకెట్ పట్టరా. బీపీ ఉంది కాబట్టి ముందు డాక్టర్‌ను ఒకమాట అడుగు, మాత్రలు మాత్రం ఆపొద్దు.

ఈసారి ఒంటిమిట్ట కల్యాణానికి తప్పక రా. ముందు రోజు మా వీధిలో ఆడతాం. నీకూ ఒక జత గజ్జెలు తీసిపెడతా.

నీ
కడప మామ