టర్బో పోలేదు, పైపు చిరిగింది

సంపాదకులకు నమస్కారం.

డీజిల్ కార్ల నల్ల పొగ గురించి పత్రికల్లో తరచూ చదువుతుంటాం. ఆ పొగకు ఉండే ఒక కారణం గురించి, దాని పేరుతో మాలాంటి జీతగాళ్ల చేత అనవసరంగా పెట్టిస్తున్న ఖర్చు గురించి రాస్తున్నాను. నేను తార్నాకలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్‌ని. ఇల్లు ఉప్పల్. నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 1.3 లీటర్ల టర్బో డీజిల్ కారు కొనుక్కున్నాను. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే చిన్న ఫ్యాన్ లాంటి భాగం.

పోయిన వేసవిలో అమ్మను తీసుకుని యాదగిరిగుట్టకు బయల్దేరాను. ఘట్‌కేసర్ దాటాక ఒక లారీని దాటబోయి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి లాగలేదు. సగం దాటి లారీ పక్కనే ఉండిపోయాను. వెనక నుంచి బస్సు హారన్ కొట్టుకుంటూ మీదికి వచ్చేసింది. ఇంజిన్ లైట్ వెలిగింది, అద్దంలో చూస్తే వెనకంతా నల్ల పొగ. ఎలాగో పక్కకు తీసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. గుట్ట ఎక్కేటప్పుడు మళ్లీ అదే పరిస్థితి. అమ్మ దారంతా నా భుజం పట్టుకునే కూర్చుంది.

మర్నాడు నగరంలోని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. స్కానర్ పెట్టి ‘పీ0299’ అనే కోడ్ వచ్చిందన్నారు. టర్బో పోయింది, మార్చాలి, 71,000 రూపాయలవుతుందన్నారు. దాంతోపాటు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే ప్రెజర్ సెన్సర్ కూడా పాడైందట. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేసినప్పుడు అది 101 కిలోపాస్కల్ చూపాలి, మీ బండిలో 95 చూపుతోంది, అదొక 4,500 అన్నారు.

నాకు అనుమానం వచ్చింది ఆ 101 దగ్గరే. మా స్కూల్ ల్యాబ్‌లో పాదరస భారమితి ఉంది. పుస్తకంలో 76 సెంటీమీటర్లని ఉంటుంది, అందులో ఏనాడూ 76 రాదు. 71, 72 దగ్గర ఆగిపోతుంది. ఏటా ఎవరో ఒక పిల్ల “టీచర్, ఇది పాడైందా?” అని అడుగుతుంది. పాడవలేదమ్మా, 76 సముద్రమట్టం దగ్గరి లెక్క, మనం 500 మీటర్లకు పైన ఉన్నాం అని చెబుతాను. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ సెన్సర్ కొలిచేది బయటి గాలి పీడనాన్నే. హైదరాబాద్‌లో అది 95 చూపిస్తే సెన్సర్ బాగున్నట్టు లెక్క. ఇంత చిన్న విషయం చూసుకోకుండా సెన్సర్ మార్చమన్నవాళ్లు టర్బో గురించి చెప్పింది ఎలా నమ్మను? బండి వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఆ పీ0299 కోడ్ అర్థం ఒకటే. ఇంజిన్ కంప్యూటర్ అడిగినంత బూస్ట్, అంటే టర్బో అదనంగా ఎక్కించే గాలి ఒత్తిడి, రావడం లేదు, అంతే. ఎందుకు రావడం లేదో అది చెప్పదు. ప్రోగ్రెస్ కార్డులో మార్కులు తగ్గాయని ఉంటుంది గానీ పిల్లవాడికి కళ్లద్దాలు కావాలో, పొద్దున తినకుండా వస్తున్నాడో ఉండదు కదా.

మా కొలీగ్ ఒకరు నాచారంలో ఒక మిస్త్రీ షెడ్డుకు పంపారు. ఆయన వెంటనే బానెట్ ఎత్తలేదు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి, ఫోన్ తన కుర్రాడి చేతికిచ్చి, నన్ను నడపమన్నాడు. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 1,500 ఆర్‌పీఎం నుంచి 3,000 దాకా తొక్కించాడు. కంప్యూటర్ 215 కిలోపాస్కల్ అడుగుతుంటే వస్తున్నది 150. అంటే బయటి గాలిని తీసేస్తే, టర్బో అదనంగా 120 ఇవ్వాల్సిన చోట ఇంజిన్‌కు 55 మాత్రమే అందుతోంది. “మేడమ్, నిలబెట్టి చూస్తే ఇది దొరకది. లోడ్ మీదనే తెలుస్తది” అన్నాడు. లోడ్ అంటే ఇంజిన్ బండిని బలంగా లాగుతుండటం. సర్వీస్ సెంటర్‌లో బండిని కదపకుండా, ఐడిల్‌లోనే, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే చూశారు. ఐడిల్‌లో బూస్ట్ దాదాపు ఉండదు, గాలి పైపులో చిరుగు ఉన్నా తెరుచుకోదు.

షెడ్డుకు వచ్చాక బండి చల్లారనిచ్చి, టర్బోకు గాలి వచ్చే పైపు ఊడదీసి, లోపలి చక్రాన్ని వేళ్లతో పట్టి చూపించాడు. పక్కలకు కాస్త కదిలింది. ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది, కాబట్టి ఆ మాత్రం కదలిక మామూలే. ముందుకు వెనక్కు లాగితే చేతికి తెలిసేంత ఆడకూడదు, రెక్కలు గోడకు రాసుకోకూడదు. రెండూ లేవు. స్టార్ట్ చేస్తే టర్బో పక్కనున్న, బూస్ట్‌ను అదుపు చేసే సన్న రాడ్ కదులుతోందా అనీ చూశాడు. మా బండిలో దాన్ని లాగేది వ్యాక్యూమ్. ఆ వ్యాక్యూమ్ వచ్చే సన్న పైపు వేడికి పెళుసెక్కి పగిలినా ఇదే కోడ్ వస్తుందట. అది బాగానే ఉంది.

ఇక అసలు పరీక్ష. పీవీసీ పైపు మూతకు టైరు వాల్వ్ బిగించి సొంతంగా చేసుకున్న పరికరం ఒకటి ఆయన దగ్గర ఉంది. ఇంజిన్ ఆపి, ఆ మూతను టర్బోకు గాలి వెళ్లే నోటికి క్లాంప్‌తో బిగించాడు. కంప్రెసర్‌తో 10 పీఎస్ఐ గాలి పట్టాడు, అంతకు మించనివ్వలేదు. ఎక్కువైతే మూత ఊడి మొహానికి తగులుతుందని మమ్మల్ని పక్కకు జరిపాడు. గేజ్ ముల్లు మెల్లగా దిగితే కంగారు అక్కర్లేదు, ఇంజిన్‌లో తెరిచి ఉన్న వాల్వుల గుండా కొంత పోతుంది. మాది మెల్లగా దిగలేదు, పడిపోయింది. సబ్బు నీళ్లు చల్లుకుంటూ పోతే, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగానికి) వెళ్లే రబ్బరు పైపు వంపు కింద నురగ పొంగింది. పైనుంచి చూస్తే కొత్త పైపులా ఉంది. కింద బొటనవేలంత పొడవు చిరుగు, చుట్టూ నూనె మరక. “టర్బో మంచిగనే ఉన్నది మేడమ్. గాలి బయటికి పోతున్నది” అన్నాడు.

పైపు 2,400, రెండు క్లాంపులు 180, పరీక్షకు 500, మజూరీ 900. మొత్తం 3,980 రూపాయలు. మళ్లీ అదే రోడ్డు మీదికి తీసుకెళ్లి 212 వస్తోందని చూపించాకే డబ్బు తీసుకున్నాడు.

పొగ సంగతి కూడా ఇక్కడే ఉంది. గాలిని లెక్కపెట్టే మీటర్ టర్బో కంటే ముందు ఉంటుంది. అది లెక్కపెట్టిన గాలికి సరిపడా డీజిల్ పోస్తుంది కంప్యూటర్. దారిలో గాలి కారిపోతే డీజిల్ సగం కాలి మసి అవుతుంది. అప్పటికి మూడు వారాల ముందే నా బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది! ఆ పరీక్షలో బండిని న్యూట్రల్‌లో పెట్టి రేస్ చేస్తారు, లోడ్ ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే పొగ అందులో పడలేదు. కారిపోయే పైపుతో అలాగే తిప్పితే టర్బో ఆ లోటు పూడ్చడానికి మరింత వేగంగా తిరిగి నిజంగానే పాడైపోవచ్చు. కొత్త బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో అయితే మసి ఫిల్టర్ కూడా తొందరగా నిండుతుంది.

టర్బోలు పాడవవని నేను అనడం లేదు. ఆయిల్ సమయానికి మార్చకపోతే, ఆయిల్ అందకపోతే, దుమ్మో చిన్న ముక్కో లోపలికి పోతే పాడవుతాయి. అప్పుడైనా కారణం వెతకాలి. ఆయిల్ వచ్చే సన్న పైపు మడ్డితో మూసుకుపోయి ఉంటే, దాన్ని వదిలేసి కొత్త టర్బో పెట్టినా అదీ పోతుంది. 71,000 అంటే నా జీతంలో చాలా భాగం. కారు నడిపి ఇల్లు గడుపుకునే క్యాబ్ డ్రైవర్లకు అది ఎన్ని నెలల కష్టమో ఆలోచించండి.

అందుకే పాఠకులను అడుగుతున్నాను. టర్బో మార్చాలని ఎవరైనా చెబితే, లోడ్ మీద అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత, గాలి లీకు పరీక్ష చేశారా లేదా అన్నది జాబ్ కార్డు మీద రాయించుకోండి. పాత విడిభాగం మీ చేతికివ్వమనండి. రాసివ్వకపోతే బండి అక్కడ వదలకండి. అన్యాయం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఐటీఐల్లో డీజిల్ మెకానిక్, మోటార్ వెహికిల్ మెకానిక్ కోర్సులు నడిపే అధికారులకు కూడా ఒక మనవి. ఆ మిస్త్రీ చేసుకున్న మూతకు పెద్దగా ఖర్చు కాదు. ప్రతి పిల్లవాడి చేత అలాంటిది ఒకటి చేయించండి, దాంతో లీకు పట్టించండి. హైదరాబాద్‌లో సెన్సర్ 95 ఎందుకు చూపుతుందో కూడా అప్పుడే నేర్పండి. పిలిస్తే సెలవు రోజుల్లో వచ్చి ఆ పాఠం నేనే చెబుతాను. మా భారమితిని కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ టీచర్,
ఉప్పల్, హైదరాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)